పెరట్లో మొదలుపెట్టి టీవీ దాకా వచ్చాం

ఆదివారం పూట మీ ఇంట్లో ఎలా ఉంటుందో గానీ, మా ఇంట్లో మాత్రం ఇడ్లీ ప్లేట్లు సింకులో పడకముందే సుత్తి చప్పుడు మొదలవుతుంది. మావారు పాత లుంగీ బిగించి, చెవి మీద పెన్సిలు దోపుకుని, టేపు పట్టుకుని ఇల్లంతా కొలుస్తూ తిరుగుతారు. అది చూసి పక్కింటావిడ ఓసారి నన్ను మెల్లిగా అడిగింది కూడా, "ఇల్లు గానీ అమ్మేస్తున్నారా వదినగారూ?" అని. అమ్మడం లేదండీ బాబూ, బాగుచేసుకుంటున్నాం! అదీ మేస్త్రీని పెట్టకుండా, మాకు మేమే. మావారు, నేను, అబ్బాయి, అమ్మాయి. అత్తయ్యగారిది పర్యవేక్షణ.

ఇందులో నిలిచిన పనులున్నాయి, బొక్కబోర్లా పడిన పనులూ ఉన్నాయి. రెండూ చెప్తాను. మీ ఇంట్లో కూడా చెవి మీద పెన్సిలు పెట్టుకునే మనిషి ఉంటే పనికొస్తుంది. అయితే నేను అసలు చెప్పదలుచుకున్నది పని గురించి కాదు. అది చివర్లో వస్తుంది. ముందే చెప్పడానికి నాకే కొంచెం ఇబ్బందిగా ఉంది.

మాది తెనాలి. మామగారు 1984లో కట్టించిన ఇల్లు. రెండు గదులు, హాలు, వంటిల్లు, వెనకాల పెద్ద పెరడు. ఆ రోజుల్లో అందరిళ్ళలాగే బాత్‌రూము పెరట్లో, ప్రహరీ గోడకి ఆనించి కట్టారు. వంటింటి గుమ్మం దిగి 22 అడుగులు నడవాలి. దారిలోనే బట్టలుతుక్కునే బండ, అంట్లు తోముకునే చోటు. ఎప్పుడూ నీళ్ళే. వానాకాలం వచ్చిందంటే ఆకుపచ్చటి పాచి పట్టి, చూడ్డానికి పట్టుపరికిణీలా ఉంటుంది గానీ అడుగేస్తే అంతే సంగతులు.

2021 శ్రావణమాసంలో ఓ శుక్రవారం. పూజకని పొద్దున్నే లేచి పరవాన్నానికి పాలు పెట్టాను. అత్తయ్యగారు స్నానం చేసి బాత్‌రూములోంచి బయటికి వచ్చారు. రాత్రంతా వాన. కిటికీలోంచి చూసి గట్టిగా అరిచాను, "అత్తయ్యా, పాచి! పాచి! చూసుకుని రండి!" అని. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆవిడ నా వైపు చూసి, ఆగడం మానేసి, ఇంకా గబగబా వచ్చారు. బండ దగ్గర కాలు జారింది. చెయ్యి ఆనించి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది.

ఆరువారాలు కట్టు. అన్నం కలిపి ముద్దలు పెట్టాను, జడ వేశాను, అన్నీ చేశాను. కానీ నోరు ఊరుకుంటుందా? వచ్చినవాళ్ళందరి దగ్గరా అదే మాట. "మూడుసార్లు చెప్పానండీ. చెప్తే వింటేగా!" ఆవిడ మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూసేవారు. ఒక్కసారి కూడా నాకు ఎదురు చెప్పలేదు. దాన్ని నేను ఒప్పుకోవడం కింద లెక్కేసుకున్నాను.

సరే, ముందు పెరడు సంగతి చూడాలి. మేస్త్రీని పిలిస్తే కొలిచి, 45 వేలవుతుందన్నాడు. ఆసుపత్రికి అప్పుడే 28 వేలు పోశాం. అబ్బాయి ఇంటర్లో చేరిన సంవత్సరం. మావారు ఆ రాత్రి కాయితం మీద లెక్కలు వేసి, "మెటీరియల్ సగమే, మిగతాది కూలి. మనమే చేసుకుందాం" అన్నారు. "మీరా?" అన్నాను. బల్బు మార్చడానికి కూడా అబ్బాయిని పిలిచే మనిషి మరి!

ఆరు బస్తాల సిమెంటు, ఇసుక, కంకర వచ్చాయి. సిమెంటు ఒక పాలైతే ఇసుక రెండు పాళ్ళు, కంకర నాలుగు పాళ్ళు. ఇది ఎవరైనా చెప్తారు. నీళ్ళ సంగతే ఎవరూ సరిగా చెప్పరు. పార తిప్పడానికి తేలిగ్గా ఉంటుందని మావాళ్ళు దోసెలపిండిలా జారుగా కలిపేశారు. అలా కలిపితే నీరు ఎక్కువై, ఆరిన తర్వాత బలం ఉండదట. గారెలపిండిలా ఉండాలి. ముద్ద పట్టుకుంటే నిలవాలి, కానీ పొడిగా ఉండకూడదు. ఇది నాకు రెండో విడత పనిలో తెలిసింది. తెలిశాక పిండి కలపడం, అంటే కాంక్రీటు కలపడం, నా చేతికే వచ్చింది.

ఇంకో మాట. సిమెంటు ముట్టుకునేటప్పుడు రబ్బరు తొడుగులు వేసుకోండి. సున్నంలా చురుక్కుమనదు గనక ఏం కాదనుకుంటాం. పగలంతా చేతులతో సర్దాను. రాత్రి పప్పుచారులో ఉప్పు వేస్తుంటే వేళ్ళు భగ్గుమన్నాయి. చూస్తే గోళ్ళ చుట్టూ తోలు లేచిపోయింది. నాలుగు రోజులు మావారే వంట. ఆ నాలుగు రోజుల గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు!

పోసిన కాంక్రీటు మీద తడి గోనెసంచులు కప్పి పదిరోజులు నీళ్ళు చల్లాం. నున్నగా, అందంగా ఉంది. చుట్టాలకి ఫోటోలు పంపారు మావారు. మరుసటి ఏడు ఏప్రిల్ వచ్చేసరికి మధ్యలో ఒక బీట. మేలో ఇంకో మూడు. అట్లకాడ అంచు దూరేంత. జూన్‌లో వానలు పడ్డాక ఒక పలక పక్కదానికంటే అంగుళం పైకి లేచింది. పాచి మీదైతే జారేవాళ్ళం, ఇప్పుడు తట్టుకుని పడేలా తయారయింది. అత్తయ్యగారు అటు వెళ్ళాల్సి వస్తే అమ్మాయి చెయ్యి పట్టుకునే వెళ్ళేవారు.

మా వీధి చివర ఒక పెద్ద మేస్త్రిగారున్నారు. పని మానేసి పదేళ్ళయింది. సాయంత్రం అరుగు మీద కూర్చునే మనిషిని మావారు బతిమాలి తీసుకొచ్చారు. ఆయన చేతికర్రతో ఆ పలకని రెండుసార్లు తట్టి నవ్వారు. "ఇది నల్లరేగడి అమ్మా. వానకి ఉబ్బుద్ది, ఎండకి నెర్రెలిస్తది. దాని నెత్తిన బిళ్ళ పరిస్తే ఊరుకుంటదా?" అన్నారు. చూడండి, ఈ నేలలో పుట్టి పెరిగిన మాకు, ఎండాకాలం చేలల్లో నెర్రెలు చూసే మాకు, పెరట్లో ఉన్నది కూడా ఆ నేలే అన్న సంగతి తోచలేదు!

ఆయన చెప్పినట్టే రెండోసారి మొదలుపెట్టాం. పోసిందంతా పగలగొట్టాం. అడుగు లోతున నల్లమట్టి తీసేశాం. ఆ గోతిలో గ్రావెల్ పోసి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో గట్టిగా కుదించాం. ఒకేసారి అడుగు మందాన పోసి కొడితే పైనే గట్టిపడుతుంది, అడుగున గుల్లగా ఉండిపోతుంది. నాలుగేసి అంగుళాలు పోస్తూ కొట్టాలి. దాని మీద రెండంగుళాల ఇసుక, ఆపైన బేతంచెర్ల నాపరాళ్ళు. రాయికీ రాయికీ మధ్య అరంగుళం సందు వదిలి, ఆ సందులో కూడా ఇసుకే నింపాం. నేల కదిలినా రాయి తనపాటికి తాను సర్దుకుంటుంది. మరీ లేచిందనుకోండి, ఆ ఒక్క రాయి ఎత్తి కింద ఇసుక సర్దితే చాలు. బద్దలు కొట్టే పని లేదు.

రాళ్ళు కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. కొట్టువాడు నిగనిగలాడే పాలిష్ రాయే చూపిస్తాడు. హాల్లో అయితే అందం. పెరట్లో తడిస్తే అదే గండం. మేం తెచ్చిన వాటిల్లో సగం పాలిష్‌వే. తిప్పి పంపి గరుకువి తెచ్చుకున్నాం.

నీళ్ళు నిలవకుండా వాలు పెట్టడం అమ్మాయి పని. పారదర్శకంగా ఉండే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, ఒక చివర గుమ్మం దగ్గర తను పట్టుకుంది, రెండో చివర బాత్‌రూము దగ్గర వాళ్ళ అన్నయ్య పట్టుకున్నాడు. రెండు చివర్లా నీళ్ళు ఎక్కడ నిలిస్తే అది ఒకే మట్టం. అక్కణ్ణుంచి పదడుగులకి అంగుళంన్నర చొప్పున ఇంటికి ఎదురు దిక్కుకి దించుకుంటూ పోయాం. ఏ పరికరమూ కొనలేదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి సైన్సులో చదివిన దానికి అది మొదటి ఉపయోగమట!

ఇక వాడిన నీళ్ళు. అందరూ ఇంకుడు గుంత అంటున్నారని నాలుగడుగుల లోతు తవ్వించి... కాదు కాదు, తవ్వి, ఇటుకముక్కలు, కంకర, ఇసుక నింపాం. మీది ఎర్రనేలో ఇసుకనేలో అయితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మా రేగడిలో నీళ్ళు ఇంకితేనా! వారం తిరిగేసరికి దోమలు. మూసేశాం. చివరికి మా అమ్మమ్మగారి కాలంలో చేసినట్టే చిన్న కాలవ తీసి, అంట్ల నీళ్ళు నాలుగు అరటిమొక్కల మొదట్లోకి, వాటి పక్కన చేమకీ మెట్టతామరకీ మళ్ళించాం. తవ్వి తీసిన నల్లమట్టి కూడా వాటికే పోశాం. ఇప్పుడు అరటిపువ్వు కూర మా ఇంట్లో నెలకోసారి ఖాయం.

పాచి మాత్రం రాయి మార్చినంత మాత్రాన రాకుండా పోదు. వానాకాలంలో వారానికోసారి బ్లీచింగు పౌడరు నీళ్ళు చల్లి, పావుగంట ఆగి, కొబ్బరిచీపురుతో తోమి కడిగేస్తాం. ఒక్క జాగ్రత్త: మరకలు బాగా పోతాయని బ్లీచింగులో బాత్‌రూము యాసిడ్ కలపకండి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. మూసి ఉన్న బాత్‌రూములో అయితే ప్రాణం మీదికే వస్తుంది.

ఇంతవరకూ బాగుంది కదూ? ఇప్పుడు చెప్పేది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాళ్ళు వణుకుతాయి.

రాళ్ళు పరవడానికి అడ్డంగా ఉందని మావారు బోరు మోటారు బోర్డుని నాలుగడుగులు పక్కకి జరిపారు. తనే. స్విచ్చి వేస్తే మోటారు తిరిగింది, మీసం కూడా తిప్పుకున్నారు. మూడో రోజు అమ్మాయి తడికాళ్ళతో ఇనప కుళాయి తిప్పి, "అమ్మా, కుళాయి జిల్లుమంటోంది" అంది. జిల్లుమనడం ఏమిటే అని నేను చెయ్యి పెట్టబోయాను. మావారు హాల్లోంచి ఒక్క కేక వేసి, పరుగున వెళ్ళి మెయిన్ ఆపేశారు. జీవితంలో ఆయన అంత గట్టిగా అరవడం నేను వినలేదు.

ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. మూడు వైర్లలో రెండు కలిపి, మూడోదాన్ని, ఆ ఆకుపచ్చదాన్ని, టేపు చుట్టి లోపలికి మడిచేశారు మావారు. "రెండిటితో తిరుగుతోందిగా, ఇదెందుకనుకున్నాను" అన్నారు. ఆ మూడోదే ఎర్త్. మోటారు లోపల ఎక్కడో కరెంటు లీకై ఒంటికి వస్తే దాన్ని భూమిలోకి పంపే దారి అదే. ఆ దారి మూసేసరికి కరెంటు ఇనప గొట్టం పట్టుకుని కుళాయి దాకా వచ్చింది. ఆ సాయంత్రం మావారు అన్నం తినలేదు. పిల్ల నిద్రపోయాక వెళ్ళి దాని మంచం పక్కన చాలాసేపు కూర్చున్నారు.

మోటారు బాగుచేయించాం, ఎర్త్ కొత్తగా పెట్టించాం. ఎర్త్ గొయ్యి మీ ఇంట్లో ఎక్కడుందో మీకు తెలుసా? నాకూ అప్పటిదాకా తెలీదు. అందులో బొగ్గు, ఉప్పు వేసి ఉంటారు. ఎండాకాలంలో ఆ గొయ్యి ఎండిపోకుండా అప్పుడప్పుడూ ఓ బిందె నీళ్ళు పొయ్యాలి. మెయిన్ దగ్గర ఆర్‌సీసీబీ అని ఒకటి పెట్టించాం, రెండువేల చిల్లర అయింది. ఎం.సి.బి. ఉందిగా అనుకుంటాం. అది వైరు కాలిపోకుండా కాపాడుతుంది, మనిషిని కాదు. ఈ రెండోది వెళ్ళిన కరెంటు అంతా తిరిగి వస్తోందా లేదా అని చూస్తూ, 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చేలోపే టక్కున ఆపేస్తుంది. దాని మీద చిన్న బొత్తాం ఉంటుంది. మూడు నెలలకోసారి నొక్కి చూడాలి. నొక్కితే కరెంటు పోవాలి. పోకపోతే అది పనిచెయ్యట్లేదన్నమాట.

అప్పట్నుంచి మా ఇంట్లో కరెంటుకీ గ్యాసుకీ మేం చెయ్యి పెట్టం. ఈ మాట పెట్టింది నేను కాదు, మావారే.

బాత్‌రూములో పట్టుకోవడానికి స్టీలు హ్యాండిలు బిగించడం చిన్న పనే. తువ్వాలు వేసుకునే కడ్డీని పట్టుకుని లేస్తుంటారు పెద్దవాళ్ళు. అది మనిషి బరువు ఆపదు, ఊడి చేతికొస్తుంది. బయటి గోడ తొమ్మిదంగుళాలది కాబట్టి దానికి పొడుగాటి యాంకర్ బోల్టులతో బిగించి, మావారు తనే వేలాడి చూపించారు.

ఇక అసలు రామాయణం హాల్లో మొదలైంది.

2023 దసరాకి 43 అంగుళాల టీవీ కొన్నాం. పాతది షోకేసు పైన, కొండపల్లి బొమ్మల నడుమ, అయిదడుగుల ఎత్తున ఉండేది. అత్తయ్యగారు పడక్కుర్చీలో కూర్చుని తల పైకెత్తి చూసి చూసి, రాత్రికి మెడకి జండూబామ్ రాసుకునేవారు. కొత్తదాన్ని గోడకి బిగిస్తానన్నారు మావారు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ అది. "అది నాలుగున్నర అంగుళాల గోడండీ" అన్నాను. వినలేదు. పొడుగాటి బిట్టు వేసి డ్రిల్లు నొక్కారు. వంటింట్లో నేను మినప్పప్పు కడుగుతున్నాను. గోడలోంచి గుప్పెడు పెళ్ళలు రాలాయి, డ్రిల్లు కొన నా ఆవకాయ జాడీకి జానెడు పైన ప్రత్యక్షమయింది! ఒక్క నిముషం ఇద్దరం ఆ కన్నంలోంచి ఒకరి కన్ను ఒకరు చూసుకున్నాం.

కన్నం పూడ్చి, గోడ ఆలోచన మానేసి, బాత్‌రూముకి ఉన్న పాత టేకు తలుపుని కోసి స్టాండు చేశారు. ఎత్తు ఎలా లెక్కవేశామో చెప్తాను, మీకూ పనికొస్తుంది. కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. అత్తయ్యగారికి 40 అంగుళాలు. టీవీ మధ్యభాగం సుమారుగా ఆ ఎత్తుకి రావాలి. మా టీవీ ఎత్తు 22, అందులో సగం 11 తీసేస్తే 29. టీవీకి కాళ్ళు 3 ఉన్నాయి. అంటే బల్ల 26. కిటికీకి ఎదురుగా పెడితే తెరలో టీవీ బదులు వీధి కనిపిస్తుంది, అందుకని పక్క గోడకి మార్చాం. వెనకాల వైర్ల గందరగోళానికి నా పాత ప్లాస్టిక్ గాజులు తొడిగాం. ఎర్రగాజు డిష్ వైరు, పచ్చగాజు నెట్ పెట్టెది, పసుపుగాజు స్పీకరుది. ఆ నెట్ పెట్టెని టీవీ వెనక దాచకండి, ఇనప బీరువా పక్కన అసలే పెట్టకండి. సిగ్నలు అందదు. కాస్త ఎత్తులో, బాహాటంగా ఉండాలి.

అన్నీ కుదిరాయి, ఒక్క శబ్దం తప్ప. అత్తయ్యగారు సౌండు 45 పెట్టమంటారు. అమ్మాయికి పదో తరగతి. పక్కగదిలో చెవుల్లో దూది పెట్టుకుని చదువుకుంటోంది. 45 పెట్టినా ఆవిడ నన్నే అడుగుతారు, "ఏమందే అది?" అని. కూర మాడిపోతుంటే నేను సీరియల్ డైలాగులు మళ్ళీ చెప్పాలి! విసుక్కున్నాను కూడా. ఈ పల్చటి టీవీలకి స్పీకర్లు వెనకవైపో, కిందివైపో ఉంటాయి, మాట గోడకి కొట్టుకుంటుందని అబ్బాయి చెప్పాడు. అప్పటికి ఇంజనీరింగులో చేరాడు, ఆదివారాలు ఇంటికి వస్తాడు. ఆవిడ కుర్చీ పక్కనే చిన్న స్పీకరు పెడదామన్నాడు. ముందు వైరు లేనిది తెచ్చాడు. పెదాలు కదిలాక మాట వచ్చేది, డబ్బింగ్ సినిమాలా. తర్వాత ఇయర్‌ఫోను కన్నంలో వైరుతో పెట్టేది తెచ్చాడు. అది బాగా కుదిరింది. సౌండు తగ్గించినా ఆవిడకి దగ్గరగా ఉంటుంది, అమ్మాయికీ గోల ఉండదు.

ఆవిడ ఓ అరగంట విని, "చప్పుడు బాగానే వినపడుతోందిరా నాన్నా. మాటే తెలీట్లేదు" అన్నారు.

మేం నవ్వేశాం. వాడు నవ్వలేదు. తర్వాతి ఆదివారం కూడా గమనిస్తూ కూర్చున్నాడు. వార్తలు చదివే అమ్మాయి తెర నిండా ఉండి మనవైపే చూసి మాట్లాడుతుంది కదా, అది నానమ్మకి తెలుస్తోంది. సీరియల్లో వాళ్ళు పక్కకి తిరిగి మాట్లాడితే తెలీట్లేదు. వాడు మెల్లిగా వెళ్ళి ఆవిడ వెనక నిలబడి, మామూలు గొంతుతో నాలుగు మాటలు అన్నాడు. "చీర", "తాళం", "పటం", "కాకి". ఒక్క కాకి తప్ప మూడూ తప్పే చెప్పారు. మేం అందరం మా పనులు ఎక్కడివక్కడ వదిలేసి చూస్తున్నాం.

గుంటూరులో చెవి డాక్టరుగారికి చూపించాం. గదిలో కూర్చోబెట్టి, చెవులకి పెట్టి పరీక్ష చేశారు. ఒక కాయితం మీద గీత చూపించారు. ఎడమవైపు బాగానే ఉంది, కుడివైపుకి వెళ్ళేసరికి కొండ దిగినట్టు కిందికి పడిపోయింది. వయసుతో ముందుగా పోయేది సన్నటి, కీచు శబ్దాలట. అచ్చులు బొంగురుగా ఉంటాయి, వినిపిస్తాయి. చ, స, త లాంటివి సన్నగా ఉంటాయి, జారిపోతాయి. అందుకే చప్పుడు తెలుస్తుంది, మాట తెలీదు. సౌండు పెంచితే బొంగురుదే ఇంకా పెరుగుతుంది. "అరవకండమ్మా. ఎదురుగా వచ్చి, మొహం కనిపించేలా, నిదానంగా చెప్పండి" అన్నారు డాక్టరుగారు నాతో. ఎన్నాళ్ళుగా ఉండి ఉంటుందని మావారు అడిగారు. ఒకటి రెండేళ్ళ సంగతి కాదు, ఇంకా ముందునుంచే ఉంటుందన్నారు.

బస్సులో తిరిగి వస్తుంటే నాకు ఆ శ్రావణ శుక్రవారం గుర్తొచ్చింది. ఇంటికొచ్చాక ఆవిడ కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని, మొహం కనిపించేలా అడిగాను. "అత్తయ్యా, ఆరోజు నేను పెరట్లోకి అరిచానే, మీకేం వినపడింది?"

ఆవిడ గ్లాసు వైపు చూస్తూ ఉండిపోయారు. తర్వాత అన్నారు. "పాలు, పాలు అన్నావనుకున్నానే అమ్మాయ్. పరవాన్నానికి పెట్టిన పాలు పొంగిపోతున్నాయేమో, నువ్వు దేవుడి దగ్గరున్నావేమో, నన్ను దింపమంటున్నావనుకుని గబగబా వచ్చా."

పాచి అన్నాను నేను. పాలు అని వినపడింది ఆవిడకి. నేను అరిచిన కొద్దీ ఆవిడ తొందరపడ్డారు.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదత్తయ్యా? నేను అందరి ముందూ అన్ని మాటలంటుంటే..." అన్నాను. "చెప్తే చెవిటిదంటారుగా" అన్నారు. అని, "కాఫీలో పంచదార తక్కువేశావు" అన్నారు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి, పంచదార డబ్బా పట్టుకుని కాసేపు అక్కడే నిలబడ్డాను.

రెండు చెవులకీ యంత్రాలు పెట్టించాం. ఆ సంవత్సరం వేయించాలనుకున్న రంగులు మానుకుంటే చాలావరకూ సరిపోయింది. మొదటి వారం ఆవిడ తీసి అవతల పడేస్తానన్నారు. కుక్కరు కూత భరించలేకపోయారు. "ఏమే, రోజూ గిన్నెలు ఇంత చప్పుడుగా పడేస్తావా నువ్వు?" అని అడిగారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో మొదటిసారి! డాక్టరుగారు రోజుకి గంట, రెండు గంటలు అలా పెంచుకుంటూ పొమ్మన్నారు. ఇప్పుడు స్నానానికీ పడుకోవడానికీ తప్ప తియ్యరు. టీవీ సౌండు 14. చుట్టాలొచ్చినప్పుడు ఆ పడిన సంగతి ఎవరైనా ఎత్తితే, పాలూ పాచీ కథ ఇప్పుడు నేనే చెప్తున్నాను. "చెప్తే వింటేగా" అని ఎంతమంది దగ్గర అన్నానో లెక్క లేదు. అందరికీ చెప్పడం ఇంకా పూర్తి కాలేదు.

మా ఇంట్లో ఇంక మిగిలింది నా వంటింటి గట్టు. మామగారి కాలంలో మేస్త్రీ తన నడుం చూసుకుని కట్టినట్టున్నాడు, 36 అంగుళాలు. నేను అయిదడుగుల ఒక అంగుళం. పప్పు ఎనపాలంటే మునివేళ్ళ మీద లేవాలి. ఇన్నాళ్ళూ పెరడూ, హాలూ అయ్యాయి గానీ ఇటు ఎవరూ చూడలేదు. నేనూ అడగలేదనుకోండి.

మొన్న ఆదివారం మావారు టేపు పట్టుకుని వచ్చి, "నిలబడు, చేతులు మడువు" అన్నారు. నేల నుంచి మోచేతి దాకా కొలిచారు. 38. గట్టు మోచేతికి నాలుగంగుళాలు కిందుంటే నడుం నొప్పి రాదని ఎక్కడో చదివారట. "అంటే 34" అని తనలో తను గొణుక్కుంటూ గోడ మీద పెన్సిలు గీత గీశారు.

పెరటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు అత్తయ్యగారు. మా వైపు చూడను కూడా లేదు.

"స్టవ్వు ఎత్తు తీశావుట్రా?" అన్నారు.